ఆకలేసినా తినలేకపోతే... అది పెంకితనం కాకపోవచ్చు!

ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర సాయంత్రం అయిదు దాటాక ఓసారి నిలబడి చూడండి. హైదరాబాద్ రోడ్డు మీద, మైలవరం రోడ్డు మీద వచ్చే కాలేజీ బస్సులు ఆగుతుంటాయి. దిగినవాళ్లు దిగినట్టే పునుగుల బండి చుట్టూ మూగుతారు. ప్రతి గుంపులోనూ ‘నాకొద్దురా, మీరు కానివ్వండి’ అంటూ నాలుగడుగులు వెనక్కి జరిగేవాళ్లు ఒకరుంటారు. బ్యాగులో ఎప్పుడూ ఒకటే కంపెనీ బిస్కెట్ ప్యాకెట్. మెస్‌లో తెల్లన్నం, పెరుగు, కాసిని చిప్స్. ‘పెరుగన్నం’ అని ఫ్రెండ్స్ ఓ పేరు కూడా పెట్టేసి ఉంటారు. ఆ ఒకరు మీ రూమ్‌మేట్ కావచ్చు, మీ చెల్లెలు కావచ్చు, మీరే కావచ్చు.

‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్నారు. నిజమే. వంకాయ పడనివాళ్లు, బెండకాయ జిగురంటే మొహం చిట్లించేవాళ్లు, ఉప్మా పేరు వింటేనే పారిపోయేవాళ్లు మన చుట్టూ బోలెడంతమంది. వాళ్లలో ఎక్కువమందికి ఏ జబ్బూ లేదు. వాటి బదులు ఇంకోటి తింటారు, ఆరోగ్యంగానే ఉంటారు. కానీ కొద్దిమంది విషయంలో ఇష్టాయిష్టాల దగ్గర ఆగదు. తినగలిగే పదార్థాల జాబితా పదికి, అయిదుకు, మూడుకు కుదించుకుపోతుంది. దాంతో ఒళ్లు, చదువు, స్నేహాలు ఒక్కోటీ దెబ్బతింటాయి. దీన్నే వైద్యులు అవాయిడెంట్ రెస్ట్రిక్టివ్ ఫుడ్ ఇన్‌టేక్ డిజార్డర్ అంటారు. పొట్టిగా ఆర్ఫిడ్. తిండికి దూరంగా జరగడం, ఉన్న తిండిని కుదించుకోవడం... ఈ రెండూ ఆ పేరులోనే ఉన్నాయి.

‘రెండు రోజులు కడుపు మాడిస్తే అదే తింటాడు’ అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆకలి రుచి ఎరుగదన్న సామెత మీద వాళ్లకంత నమ్మకం. ఆర్ఫిడ్ ఉన్నవాళ్ల దగ్గర సరిగ్గా ఈ సామెతే పనిచేయదు. కడుపు మాడినా ఆ ముద్ద గొంతు దిగదు. కొందరికైతే ఆకలి అన్న కబురే మెదడుకు సరిగా చేరదు.

ఇంట్లో లేనిది హాస్టల్‌లో ఎందుకు?

ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ సర్దుకుపోతుంది. అందరికీ పప్పు, వీడికి విడిగా బంగాళాదుంప వేపుడు. పోపులో ఆవాలు, కరివేపాకు ఏరి పక్కన పెట్టి మరీ వడ్డిస్తుంది. పెళ్లిళ్లకు వెళ్తే బ్యాగులో ఓ బాక్సు తప్పనిసరి. పదిహేడేళ్లు ఇలా గడిచిపోతాయి, ఎవరికీ ఏమీ అనిపించదు. ఇంటర్‌కో ఇంజినీరింగ్‌కో హాస్టల్‌లో చేరతారు. మెస్‌లో మూడొందల మందికి ఒకటే సాంబారు. సర్దుకుపోయే మనిషి అక్కడ ఉండదు. మొదటి సెమిస్టర్ పూర్తయ్యేసరికి ప్యాంట్లు వదులైపోతాయి, లేదంటే మధ్యాహ్నం క్లాసులో కళ్లు తిరుగుతాయి. అప్పుడు అందరూ ‘హాస్టల్ తిండి పడలేదు’ అనేస్తారు. సమస్య హాస్టల్‌లో మొదలవలేదు, అక్కడ బయటపడిందంతే. క్యాంపస్ సెలక్షన్ వచ్చి బెంగళూరు పీజీకో, హైదరాబాద్ ట్రైనింగ్‌కో వెళ్లినప్పుడు ఇదే కథ ఇంకోసారి నడుస్తుంది. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా, తిండి గురించిన భయంతోనే వెళ్లడానికి వెనకాడేవాళ్లు ఉంటారు. కారణం మాత్రం పైకి చెప్పరు. ‘తినలేను కాబట్టి ఉద్యోగం వద్దు’ అంటే ఎవరైనా నవ్వుతారని!

పేరు పుట్టింది 2013లో

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే డీఎస్ఎం అనే పుస్తకాన్ని మానసిక వైద్యులు ప్రపంచమంతా వాడతారు. ఏ రుగ్మతను ఎలా గుర్తించాలో అందులో ఉంటుంది. 1994 నాటి నాలుగో కూర్పులో తిండికి సంబంధించిన ఇలాంటి ఇబ్బందిని పసిపిల్లల సమస్యగా మాత్రమే చూశారు. ఆరేళ్లలోపే మొదలవ్వాలన్న షరతు పెట్టారు. దాంతో పన్నెండేళ్ల పిల్లకో, ఇరవై ఏళ్ల కుర్రాడికో ఈ ఇబ్బంది వస్తే పెట్టడానికి సరైన పేరే లేకపోయింది. 2013 మేలో వచ్చిన అయిదో కూర్పు ఆ షరతు తీసేసి ఆర్ఫిడ్ అనే పేరు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీన్ని 6బీ83 అనే కోడ్‌తో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంటే పేరు పుట్టి కొద్ది ఏళ్లే అయింది. మీ ఫ్యామిలీ డాక్టర్‌కు ఈ మాట కొత్తగా అనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, అలిగి వచ్చేయనూ అక్కర్లేదు.

మూడు దారులు

తినలేకపోవడం అందరిలో ఒకలా ఉండదు. మొదటి రకంలో గొడవంతా నోటికి తగిలే స్పర్శతో, వాసనతో, రంగుతో. ముద్దపప్పు మెత్తదనం, పెరుగులో తగిలే మీగడ, బెండకాయ జిగురు, ఉడికిన గుడ్డు వాసన... వీటికి మామూలు మనుషులు మొహం చిట్లిస్తే వీళ్లకు నిజంగా ఓకరింపు వస్తుంది. నటన కాదు. అందుకే ఎప్పుడూ ఒకేలా ఉండే వాటి దగ్గర ఆగిపోతారు. ప్యాకెట్ చిప్స్ ఎప్పుడు కొన్నా అదే కరకర, అదే ఉప్పు. అమ్మ చేసే కూర మాత్రం రోజుకో రకంగా కుదురుతుంది. కంపెనీ ప్యాకెట్ రంగు మార్చినా తినడం మానేసేవాళ్లున్నారంటే సంగతి అర్థం చేసుకోండి.

రెండో రకం వాళ్లకు తిండి మీద ధ్యాసే ఉండదు. మధ్యాహ్నం మూడైనా ఆకలి తెలియదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. తినడం వాళ్లకో హోంవర్క్. ‘తిన్నావా నాన్నా’ అని ఫోన్‌లో అమ్మ అడిగితే తప్ప గుర్తురాదు. వీళ్లు చిన్నప్పటి నుంచీ సన్నగానే ఉంటారు కాబట్టి ‘మా వంశంలో అందరూ అంతే’ అన్న మాట కింద విషయం కప్పడిపోతుంది.

మూడోది భయం. ఇది ఒక్కోసారి ఒక్క రోజులో మొదలవుతుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లు మనవి, ఇంట్లో చేపల పులుసు మామూలే. ఓ రోజు ముల్లు గొంతులో దిగబడుతుంది. (అన్నం ముద్ద మింగితే పోతుందని అంటారు గానీ, దానివల్ల ముల్లు ఇంకా లోపలికి గుచ్చుకునే ప్రమాదం ఉంది. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లడమే మేలు.) ముల్లు వచ్చేస్తుంది, భయం మాత్రం ఉండిపోతుంది. మొదట చేప, తర్వాత మాంసం, తర్వాత గట్టిగా ఉండేవన్నీ, చివరికి అన్నం కూడా మానేసి జావ, పాలు, జ్యూస్ మీదకు వస్తారు. పొలమారి ఊపిరాడనంత పనైనా, హాస్టల్‌లో ఫుడ్ పాయిజనింగ్ అయి రాత్రంతా వాంతులైనా ఇదే జరగొచ్చు. ఈ రకంలో నెలల్లోనే బరువు బాగా పడిపోవచ్చు.

ఈ మూడూ విడివిడి గదులు కావు. వాసన పడనివాడికి ఆకలీ తక్కువగా ఉండొచ్చు, ఆకలి తక్కువగా ఉన్నమ్మాయికి ఓ వాంతి తర్వాత భయమూ పట్టుకోవచ్చు.

ఎక్కడ గీత గీస్తారు?

అసలు ప్రశ్న ఇదే. మారాం ఎక్కడ ముగుస్తుంది, రుగ్మత ఎక్కడ మొదలవుతుంది? మీరు ఎన్ని కూరలు తినరు అన్న లెక్క మీద డాక్టర్ తేల్చరు. తినకపోవడం వల్ల ఏం నష్టపోయారు అని చూస్తారు. ఆ నష్టం నాలుగు రకాల్లో ఏ ఒక్కటైనా కావచ్చు. బరువు గణనీయంగా తగ్గడం, పిల్లల్లోనైతే వయసుకు తగ్గట్టు పెరగకపోవడం ఒకటి. రెండోది ఐరన్, బీ12 లాంటివి బాగా పడిపోవడం. మూడోది భోజనం బదులు పోషకాల పొడులు, డ్రింకులు, లేదంటే ముక్కు గొట్టం మీద ఆధారపడటం. నాలుగోదాన్ని మన దగ్గర ఎవరూ లెక్కలోకే తీసుకోరు. అది మామూలు జీవితం దెబ్బతినడం. టూర్ మానేయడం, ఫ్రెండ్ పెళ్లికి వెళ్లకపోవడం, క్యాంటీన్‌లో అందరితో కూర్చోలేక లంచ్ టైమంతా లైబ్రరీలో గడపడం, ఇంట్లో ప్రతి భోజనమూ ఓ యుద్ధం కావడం. 2022లో డీఎస్ఎం పాఠాన్ని సవరించినప్పుడు, బరువు, రక్త పరీక్షలు బాగున్నా ఈ నాలుగోదొక్కటే తీవ్రంగా ఉంటే చాలన్న సంగతిని స్పష్టం చేశారు. లావుగా ఉన్నవాళ్లకూ ఆర్ఫిడ్ ఉండొచ్చు. ‘నిన్ను చూస్తే తిననివాడిలా లేవే’ అనే మాట అందుకే తప్పు.

బరువును నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటుంది. ఇంగ్లాండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన ఓ అబ్బాయిది. 2019 సెప్టెంబరులో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ అనే వైద్య పత్రికలో వచ్చింది. పద్నాలుగేళ్లప్పుడు నీరసంగా ఉందని డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ఎత్తు, బరువు మామూలుగానే ఉన్నాయి. రక్తహీనత, బీ12 లోపం కనిపిస్తే ఇంజెక్షన్లు ఇచ్చి, తిండి గురించి సలహా చెప్పి పంపించారు. ఏడాదికి వినికిడి తగ్గింది, చూపు మందగించింది. పదిహేడేళ్లకు చూపు చాలావరకు పోయింది, శాశ్వతంగా. అప్పుడు గట్టిగా అడిగితే తేలిందేంటంటే ప్రైమరీ స్కూలు రోజుల నుంచీ కొన్ని రకాల స్పర్శ పడక బంగాళాదుంప ఫ్రైస్, ప్యాకెట్ చిప్స్, తెల్ల బ్రెడ్, కాస్త ప్రాసెస్ చేసిన మాంసం తప్ప మరేదీ తినలేదని. కేలరీలు సరిపోయాయి, అందుకే బరువు తగ్గలేదు. కంటి నరానికి కావలసినవి మాత్రం అందలేదు.

ఇది అరుదైన కేసే. రేపే మీ చూపు పోతుందని భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ మన పెరుగన్నం, చిప్స్, బిస్కెట్ల మెనూని ఆ పక్కన పెట్టి చూడండి. ఇందులోనూ కేలరీలకు లోటుండదు. ఆకుకూర, పండు, పప్పు, గుడ్డు లేవు. అంటే ఐరన్, ఫోలేట్, విటమిన్-సీ దాదాపు లేనట్టే. అసలే మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతానికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దాంతో ఓ అమ్మాయి నీరసంగా ఉందంటే ఐరన్ మాత్రలు రాసిచ్చి పంపేయడం అలవాటైపోయింది. ‘రోజూ ఏమేం తింటావు, ఏవి తినలేవు’ అని అడిగే తీరిక చాలా చోట్ల ఉండదు. అడగకపోతే మీరే చెప్పండి.

ఇవి ఉంటే ఆర్ఫిడ్ అనరు

నిర్ధారణలో సగం పని, ఏది కాదో తేల్చడం. దొరక్క తినకపోవడం వేరు. మెస్ బిల్లు కట్టలేక ఒక పూటే తినేవాళ్లకు కావలసింది సైకియాట్రిస్ట్ కాదు, భోజనం. ఆచారం వల్ల మానేయడం కూడా రుగ్మత కాదు. భవానీ దీక్ష, అయ్యప్ప మాల, కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు, పుట్టుకతో వచ్చిన శాకాహారం... ఇవేవీ ఈ లెక్కలోకి రావు.

లావైపోతానన్న భయంతో తినకపోతే అది అనొరెక్సియా దారి. ఆర్ఫిడ్ ఉన్నవాళ్లకు అద్దంతో గొడవ లేదు. చాలామంది ‘కాస్త ఒళ్లు చేస్తే బాగుండు’ అనే అనుకుంటారు. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, ఇద్దరూ పళ్లెం పక్కకు నెడతారు. అందుకే డాక్టర్ మీ బరువు గురించి, ఒంటి ఆకారం గురించి మీరేమనుకుంటున్నారో పనిగట్టుకుని అడుగుతారు. తిన్నది కక్కేస్తున్నారా అని కూడా అడగొచ్చు. నిజం చెప్పండి, చికిత్స దాన్నిబట్టే మారుతుంది.

ఒంట్లో జబ్బు ఏదీ లేదని కూడా చూడాలి. టీబీ, థైరాయిడ్, షుగర్, పేగుల జబ్బులు, అన్నవాహిక వాపు, గోధుమ పడకపోవడం, ఫుడ్ అలర్జీ... వీటన్నిటిలోనూ తిండి తగ్గుతుంది. డిప్రెషన్‌లోనూ అంతే. ఏడీహెచ్‌డీకి వాడే కొన్ని మందులూ ఆకలిని చంపేస్తాయి. ఇక్కడ ఓ మెలిక ఉంది. ఇంకో సమస్య ఉందంటే ఆర్ఫిడ్ లేదని కాదు. ఆటిజం, ఆందోళన, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ఇది తరచూ కలిసే ఉంటుంది. ఆ సమస్యలో మామూలుగా ఉండేదానికన్నా తిండి ఇబ్బంది బాగా ఎక్కువై, దానికే విడిగా చికిత్స కావాల్సి వస్తే అప్పుడు రెండు పేర్లూ రాస్తారు. పరీక్షల ముందు నాలుగు రోజులు ముద్ద దిగకపోవడాన్ని మాత్రం ఎవరూ ఆర్ఫిడ్ అనరు.

కాబట్టి మొదటి విజిట్‌లో ఎత్తు, బరువు, బీపీ, నాడి చూస్తారు. వీలైతే చిన్నప్పటి బరువుల రికార్డు తీసుకెళ్లండి, ఎప్పటి నుంచి గీత కిందికి వంగిందో తెలుస్తుంది. రక్తంలో హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బీ12, ఫోలేట్, విటమిన్-డీ, లవణాలు, థైరాయిడ్ చూడొచ్చు. బరువు బాగా తగ్గితే ఈసీజీ కూడా. ఈ పరీక్షల్లో ఏదీ ‘ఆర్ఫిడ్ పాజిటివ్’ అని చెప్పదు. అవి నష్టాన్ని కొలుస్తాయంతే. నిర్ధారణ జరిగేది మాటల్లోనే. దీనికోసం ‘పార్డీ’ అనే ఇంటర్వ్యూ పద్ధతి ఉంది. 2018లో వచ్చిన ‘నయాస్’ అనే తొమ్మిది ప్రశ్నల ఫారం కూడా ఉంది. పైన చెప్పిన మూడు దారులకూ తలా మూడు ప్రశ్నలు. ఇది నెట్‌లో దొరుకుతుంది, మీరు నింపి చూసుకోవచ్చు. కానీ అది జల్లెడ మాత్రమే. స్కోరు ఎక్కువొచ్చిందని ఇన్‌స్టా బయోలో రాసేసుకోకండి. తక్కువొచ్చినా కళ్లు తిరుగుతుంటే డాక్టర్‌ను కలవడం మానకండి.

అమ్మ గారాబం వల్లేనా?

‘తల్లి పెంపకం’ అనే తీర్పు మనవాళ్లు చాలా తేలిగ్గా ఇచ్చేస్తారు. స్వీడన్‌లో సుమారు 17 వేల కవలల జతల సమాచారంతో చేసిన అధ్యయనం 2023లో ‘జామా సైకియాట్రీ’లో వచ్చింది. ఆర్ఫిడ్ వచ్చే అవకాశంలో మనుషుల మధ్య ఉన్న తేడాలకు 79 శాతం దాకా జన్యువులే కారణమని అందులో అంచనా వేశారు. తల్లి విడిగా కూర వండటం వల్ల ఇది పుట్టలేదు. పుట్టిన ఇబ్బందికి ఆమె తనకు తెలిసిన దారి వెతుక్కుంది. దిష్టి తీసి, నులిపురుగుల మాత్ర వేసి, మొక్కు మొక్కి, అన్నీ చేసి ఉంటుంది కూడా.

బలవంతంగా కుక్కడం మాత్రం పనిచేయదు, ముఖ్యంగా భయం ఉన్నవాళ్ల దగ్గర. ముక్కు మూసి పెట్టిన ఒక్క ముద్ద నాలుగు నెలల ప్రయత్నాన్ని వెనక్కి లాగుతుంది. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా బాగా పెట్టడం ఇంకా ప్రమాదం. ఒంట్లో లవణాలు తారుమారై గుండె మీదకు రావచ్చు. అలాంటివాళ్లకు ఆసుపత్రిలోనే, కొలిచి, మెల్లగా పెంచుతూ పోవాలి. స్పృహ తప్పుతున్నా, నీళ్లు కూడా దిగకపోయినా, వారాల్లోనే బరువు పడిపోతున్నా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

మిగిలినవాళ్లకు మాటలతో, అభ్యాసంతో చేసే చికిత్స ఉంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో జెనిఫర్ థామస్, కామ్రిన్ ఎడ్డీ దీనికోసమే ఓ పద్ధతిని రూపొందించారు. పదేళ్లు దాటినవాళ్లకు 20 నుంచి 30 సెషన్లు. మొదట తినగలిగేవే కాస్త ఎక్కువ తినిపిస్తారు, కొత్తవాటి జోలికి తర్వాత వెళ్తారు. కొత్త పదార్థాన్ని ముందు చూడటం, తాకడం, వాసన, ఆ తర్వాతే నాలుకకు తగిలించడం, నమలడం. మింగాలన్న షరతు మొదట్లో ఉండదు. ఒక్కసారితో అయిపోదు, మళ్లీ మళ్లీ చేయాలి. చేప ముల్లుతో భయపడ్డవాళ్లు జావ నుంచి మెత్తటి ఇడ్లీకి, ఇడ్లీ నుంచి పెరుగన్నానికి, అక్కడి నుంచి పప్పన్నానికి మెట్టు మెట్టుగా వస్తారు. ఆర్ఫిడ్‌కంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇప్పటికి లేదు. ఆందోళన లాంటివి పక్కనే ఉంటే వాటికి మందులు ఇస్తారు. ‘అన్నీ తినేసే మనిషి’ని తయారుచేయడం కూడా లక్ష్యం కాదు. ఒంటికి సరిపడా, నలుగురితో కూర్చుని తినగలిగేంత... అంతవరకే.

ఫ్రెండ్స్‌గా మీరు చేయగలిగింది చిన్నదే. పళ్లెంలోకి తొంగి చూసి కామెంట్ చేయకండి. ‘ఒక్క ముద్ద తినరా, నా మీద ఒట్టు’ అనకండి. తినకపోయినా పక్కన కూర్చోబెట్టుకోండి, వేరే కబుర్లు చెప్పండి. వార్డెన్‌తో మాట్లాడి రోజూ తినగలిగేది ఒక్కటి, ఉడకబెట్టిన బంగాళాదుంపో అరటిపండో, విడిగా ఉండేలా చూడగలిగితే ఆ పూట గండం గడుస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి? విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. పద్దెనిమిది లోపు వాళ్లను ముందు పిల్లల డాక్టర్‌కు చూపించడం మంచిది. క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, తప్పేం లేదు. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

వెళ్లే ముందు ఓ తెల్లకాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. ఇప్పుడు తినగలుగుతున్నవన్నీ, కంపెనీ పేర్లతో సహా. రెండేళ్ల క్రితం తినేవి, ఇప్పుడు తినలేకపోతున్నవి. తిండి వల్ల ఈ ఏడాది వెళ్లకుండా మానేసిన చోట్లు. డాక్టర్ ఎదురుగా కూర్చున్నాక నోట మాట రాకపోతే ఆ కాగితం తీసి చేతికిచ్చేయండి.